ఒక్క దోమలో వైరస్ దొరికితే ఏమైనట్టు?

2017 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక చిన్న ప్రకటన విడుదల చేసింది. గుజరాత్‌లోని అహ్మదాబాద్ జిల్లా బాపూనగర్ ప్రాంతంలో ముగ్గురికి జికా వైరస్ సోకినట్టు నిర్ధారణ అయిందన్నది దాని సారాంశం. ఒకరు 64 ఏళ్ల పురుషుడు, ఒకరు కాన్పయిన 34 ఏళ్ల మహిళ, ఇంకొకరు 22 ఏళ్ల గర్భిణి. అదే ప్రకటనలో, పెద్దగా ఎవరి కంటా పడని మరో సంగతి ఉంది. భారత వైద్య పరిశోధన మండలి అప్పటికి జికా కోసం 12,647 దోమల నమూనాలను పరీక్షించింది. వాటిలో దాదాపు 500 బాపూనగర్ ప్రాంతంలో సేకరించినవే. ఆ 500లో ఒక్కదానిలోనూ జికా కనిపించలేదు.

మనుషుల్లో వైరస్ ఉంది, వాళ్ల ఇళ్ల చుట్టూ పట్టిన దోమల్లో లేదు. ఈ రెండు మాటలను పక్కపక్కన చదివితే పరీక్ష సరిగా చేయలేదేమోనన్న అనుమానం వస్తుంది. లేదా దోమల వల్ల కాక మరే దారిలోనో సోకిందేమో అనిపిస్తుంది. కానీ ఎక్కడా ఏ పొరపాటూ జరగకపోయినా, వైరస్‌ను మోసింది దోమే అయినా ఈ సున్నా రావచ్చు. చిన్న లెక్క చూద్దాం. ఒక్కో నమూనా ఒక్కో దోమ అనుకుందాం. 500 దోమల్లో ఒక్కటీ దొరకలేదంటే, గణాంక శాస్త్రం మనకు ఇచ్చే హామీ ఇంతే: ఆ ప్రాంతంలో వైరస్ ఉన్న దోమలు వెయ్యికి ఆరు కంటే ఎక్కువ ఉండకపోవచ్చు. ఆ మాట కూడా నూటికి తొంభై అయిదు పాళ్ల నమ్మకంతోనే చెప్పగలం. వెయ్యికి ఆరు అంటే తక్కువేమీ కాదు. ఒక బస్తీలో లక్ష దోమలుంటే ఆరువందలు వైరస్‌తో తిరుగుతున్నా ఈ పరీక్షకు అందకుండా పోవచ్చు.

అందుకే దోమల్లో వైరస్‌ను వెతకడాన్ని రక్త పరీక్షలా చూడకూడదు. రక్త పరీక్ష ఒక మనిషి గురించి చెబుతుంది. దోమల పరీక్ష మనం చూడలేని ఒక పెద్ద గుంపు గురించి, చేతికి దొరికిన పిడికెడు దోమలను బట్టి అంచనా వేస్తుంది. ఆ పిడికెడు ఎక్కడిది, ఎప్పటిది, ఎలా పట్టినది అన్న వివరం లేకుండా ‘ఉంది’, ‘లేదు’ అన్న మాటలకు దాదాపు అర్థం ఉండదు. మన పత్రికల్లో ఈ వార్తలు వచ్చినప్పుడల్లా పోయేది సరిగ్గా ఆ వివరమే. అందుకే దీన్ని కాస్త విప్పి చెప్పాలనిపించింది.

ఉచ్చును బట్టి దోమ

మగదోమ కుట్టదు. ఆడదోమ కూడా పుడుతూనే వైరస్‌తో పుట్టడం అరుదు. తల్లి నుంచి గుడ్ల ద్వారా వైరస్ దిగడం కొన్ని జాతుల్లో జరుగుతుంది, కానీ కొద్దిగానే. (మగదోమలను, లార్వాలను కూడా కొన్నిసార్లు పరీక్షించేది ఇందుకే. రక్తమే తాగని మగదోమలో వైరస్ కనిపిస్తే అది తల్లి నుంచి వచ్చి ఉండాలి, లేదా జత కట్టినప్పుడు ఆడదోమ నుంచి సోకి ఉండాలి.) మామూలుగా అయితే ఆడదోమ ముందు వైరస్ ఉన్న పక్షినో, పశువునో, మనిషినో కుట్టాలి. ఆ తర్వాత వైరస్ దాని ఒంట్లో పెరిగి లాలాజలం దాకా చేరాలి. డెంగీ వైరస్‌కు దీనికి సుమారు 8 నుంచి 12 రోజులు పడుతుంది. చాలా దోమలు అంతకాలం బతకవు. అంటే ప్రమాదకరమైనవి వయసు మళ్లిన దోమలే, అవి ఎప్పుడూ కొద్దిగానే ఉంటాయి.

ఇప్పుడు ఉచ్చు సంగతి. ప్రపంచమంతా వాడే లైట్ ట్రాప్‌ను అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం వాళ్లు 1962లో రూపొందించారు. చిన్న బల్బు, దాని కింద చిన్న ఫ్యాను, అడుగున వల సంచి. పక్కన డ్రై ఐస్ పెడితే దాని నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను దోమ ఏదో జంతువు ఊపిరి అనుకుని వస్తుంది. దీన్ని ఊరి చివర చెట్టుకు కట్టి వస్తే తెల్లారేసరికి వందల దోమలు పడతాయి. చూడటానికి బ్రహ్మాండమైన పంట. అయితే అందులో ఎక్కువ భాగం ఆకలితో రక్తం వెతుక్కుంటూ వచ్చినవి. ఇంకా ఒక్కసారి కూడా ఎవరినీ కుట్టని లేత దోమలు వాటిలో బోలెడు. వాటిలో వైరస్ వెతకడం ఎన్నడూ ఊరు దాటని మనిషి దగ్గర పరదేశం నాణెం వెతకడమే.

దీనికి విరుగుడుగా మరో రకం ఉచ్చు ఉంది. తొట్టిలో గడ్డి నానబెట్టి మురిగిన నీళ్లు పోస్తారు. ఆ కంపుకు గుడ్లు పెట్టడానికి క్యూలెక్స్ దోమలు వస్తాయి. గుడ్లు పెట్టడానికి వచ్చిందంటే చాలావరకు అంతకుముందు ఒకసారైనా రక్తం తాగిందన్నమాట. పడే దోమలు తక్కువే కావచ్చు, వైరస్ దొరికే అవకాశం మాత్రం ఎక్కువ. డెంగీ, జికా మోసే ఏడిస్ ఈజిప్టై అయితే పగటి దోమ, ఇంట్లో మంచాల కింద, బట్టల వెనక నక్కి ఉంటుంది. దాని కోసం మనిషి చర్మపు వాసనను పోలిన ఎర పెట్టిన ప్రత్యేక ఉచ్చులు కావాలి, లేదా ఇల్లిల్లూ తిరిగి గొట్టంతో పీల్చి పట్టాలి. మెదడువాపు వ్యాధిని (జపనీస్ ఎన్‌సెఫలైటిస్) మోసే దోమలకైతే మన దేశంలో ఇప్పటికీ పాత పద్ధతే మేలు. చీకటి పడుతుండగా టార్చిలైటు పట్టుకుని పశువుల కొట్టాల్లోకి వెళ్లి, చుట్టుపక్కల పొదల మీద, గోడల మీద వాలిన దోమలను గాజు గొట్టంతో ఒక్కొక్కటిగా పడతారు.

అంటే ఏ ఉచ్చు పెట్టామన్నదే సగం జవాబును ముందే నిర్ణయిస్తుంది. బస్తీలో రాత్రిపూట లైట్ ట్రాప్ పెట్టి వెయ్యి క్యూలెక్స్‌లు పట్టి, వాటిలో డెంగీ లేదని రాస్తే ఆ మాట నిజమే, కానీ ఎవరికీ పనికిరాదు.

పట్టిన తర్వాత పరుగు మొదలవుతుంది. ఈ వైరస్‌ల జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ. దోమ చచ్చి ఎండలో పడి ఉంటే అది తొందరగా చెడిపోతుంది. అందుకే దోమలను చల్లగా ఉంచాలి, చల్లటి పళ్లెం మీదే సూక్ష్మదర్శిని కింద పెట్టి ఏ జాతో గుర్తించాలి. కాళ్ల మీద తెల్ల పట్టీలు, రెక్కల మీద మచ్చలు, ముక్కు మీద గీత, ఇలాంటి ఆనవాళ్లతో జాతిని పోల్చాలి. ఉచ్చులో నలిగి పొలుసులు రాలిన దోమను గుర్తుపట్టడానికి ఏళ్ల తరబడి అలవాటైన కన్ను కావాలి. యంత్రం ఎంత ఖరీదైనది కొన్నా, ఆ కన్ను లేకపోతే ట్యూబు మీద రాసే పేరు తప్పవుతుంది. ఇలాంటి నిపుణుల సంఖ్య పెంచాల్సిన అవసరం గురించి మన దగ్గర జరిగే చర్చ చాలా తక్కువ, నా బాధల్లో అదొకటి.

ఒకే జాతి, ఒకే చోటు, ఒకే రోజు పట్టిన ఆడదోమలను ఒక ట్యూబులో కలిపేస్తారు. సాధారణంగా ట్యూబుకు 50కి మించనివ్వరు. ఒక్కొక్కదాన్నీ పరీక్షిస్తే 5,000 దోమలకు 5,000 పరీక్షలు కావాలి, ఇలా కలిపితే వందతో సరిపోతుంది. వైరస్ అరుదుగా ఉండేచోట ఇదే తెలివైన పద్ధతి.

ఎలుకల నుంచి పుణె కణాల దాకా

ఈ వేట పాతదే. ఉగాండాలోని జికా అడవిలో 1947లో పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) మీద పనిచేస్తున్న శాస్త్రవేత్తలు చెట్ల మీద బోనుల్లో రీసస్ కోతులను ఉంచేవారు. ఒక కోతికి జ్వరం వచ్చింది. దాని రక్తాన్ని చిట్టెలుకల మెదడులోకి ఎక్కించి చూస్తే అంతకుముందు ఎవరూ ఎరగని వైరస్ బయటపడింది. మరుసటి ఏడాది, 1948 జనవరిలో అదే అడవిలో పట్టిన ఏడిస్ ఆఫ్రికానస్ దోమల నుంచి అదే వైరస్ మళ్లీ దొరికింది. అడవి పేరే దానికి స్థిరపడింది. ఇక్కడ గమనించవలసింది వరుస: ముందు కోతిలో, తర్వాత దోమల్లో. మనిషికి అది జబ్బు చేస్తుందన్న సంగతి తేలింది ఆ తరువాతే.

చిట్టెలుకల కాలం గడిచాక పరిశోధన కణాల మీదికి మారింది. ఇక్కడ మనం గర్వంగా చెప్పుకోదగ్గ విషయం ఒకటుంది. 1952లో పుణెలో మొదలైన వైరస్ పరిశోధన కేంద్రమే నేటి జాతీయ వైరాలజీ సంస్థ. అందులో కె.ఆర్.పి. సింగ్ 1967లో ఏడిస్ ఆల్బోపిక్టస్ దోమ లార్వాల నుంచి ప్రయోగశాలలో ఎడతెగకుండా పెరిగే కణాలను తయారుచేశారు. 1978లో ఇగరాషి అనే జపాన్ శాస్త్రవేత్త వాటి నుంచి ఒక శాఖను వేరు చేసి సీ6/36 అని పేరు పెట్టారు. ఇవాళ డెంగీ, చికున్‌గున్యా, జికాల మీద పనిచేసే చాలా దేశాల ప్రయోగశాలల్లో ఈ కణాలుంటాయి. వైరస్‌ను అడ్డుకునే దోమ సహజ రక్షణ వ్యవస్థలో ఒక ముఖ్యమైన భాగం ఈ కణాల్లో పనిచేయదు. అందుకే వైరస్‌లు వీటిలో ఏపుగా పెరుగుతాయి. పుణెలో పుట్టిన ఆ కణాల వంశం గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క పేరా అయినా ఉండాలని నా కోరిక.

మధురైలోని వైద్య కీటకశాస్త్ర పరిశోధన కేంద్రం మరో దారి పట్టింది. టాక్సోరింకైటిస్ అనే పెద్ద దోమ ఒకటుంది. అది రక్తం తాగదు, దాని లార్వాలు ఇతర దోమల లార్వాలను తింటాయి. పొలాల్లో పట్టిన దోమలను నూరి, ఆ రసాన్ని ఈ పెద్ద దోమ ఒంట్లోకి సన్నటి గాజు సూదితో ఎక్కిస్తారు. వైరస్ ఉంటే అందులో పెరుగుతుంది, కొన్ని రోజుల తర్వాత దాని తలను పిండి, మెరిసే ప్రతిరక్షకాలతో గుర్తిస్తారు. దోమ తప్పించుకున్నా ఎవరినీ కుట్టదు కాబట్టి పనిచేసేవారికి భయం లేదు. తమిళనాడులోని దక్షిణ ఆర్కాట్ జిల్లాలో వరిపొలాల దోమల్లో మెదడువాపు వైరస్‌ను మూడేళ్లపాటు వరుసగా గమనించిన పనికి వెనక ఇలాంటి ఓపిక ఉంది.

ఇప్పుడు ఆర్‌టీ-పీసీఆర్ వచ్చింది. కొవిడ్ పుణ్యమా అని ఆ పేరు ఇంటింటికీ తెలుసు. దోమలను పూసలతో నూరి, ఆర్‌ఎన్‌ఏను వేరు చేసి, కావలసిన వైరస్ గుర్తును కోట్ల రెట్లు పెంచి చూస్తారు. కొన్ని గంటల్లో ఫలితం. వేగంలో దీనికి సాటి లేదు. కానీ ఇది చూసేది వైరస్ జన్యుపదార్థపు తునకనే తప్ప ప్రాణమున్న వైరస్‌ను కాదు. 2025లో బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ ప్రకటించిన సంగతి గుర్తు చేసుకోవాలి. నాటింగమ్‌షైర్‌లో 2023లో పట్టిన ఏడిస్ వెక్సన్స్ దోమల్లో పక్షుల నుంచి దోమల ద్వారా మనుషులకు సోకే వెస్ట్ నైల్ వైరస్ జన్యు శకలాలు దొరికాయి. ఆ దేశపు దోమల్లో అది మొదటిసారి. ప్రకటనలో ‘శకలాలు’ అన్న మాటను జాగ్రత్తగా వాడారు, ప్రజలకు ప్రమాదం చాలా తక్కువని కూడా చెప్పారు. ప్రాణమున్న వైరస్ ఉందా అన్నది తేలాలంటే మళ్లీ కణాల్లో పెంచి చూడవలసిందే.

ఇంకో చిక్కు ఉంది. దోమల్లో మనుషులకు ఏ హానీ చేయని, దోమలకే పరిమితమైన వైరస్‌లు బోలెడు. వాటిలో కొన్ని డెంగీ వైరస్‌కు దూరపు చుట్టాలు. పైగా పూర్వం ఎప్పుడో సోకిన వైరస్‌ల తునకలు కొన్ని దోమల సొంత జన్యువుల్లోనే అతుక్కుపోయి తరతరాలుగా వస్తున్నాయి. పరీక్షలో వాడే గుర్తు మరీ విశాలంగా ఉంటే ఇవి కూడా పట్టుబడి, లేని వైరస్ ఉన్నట్టు చూపిస్తాయి. అందుకే మొదటి పరీక్షలో పాజిటివ్ వచ్చిన ట్యూబును మరో గుర్తుతో మళ్లీ చూడాలి, వీలైతే జన్యుక్రమం చదవాలి.

సికింద్రాబాద్ నేర్పిన పాఠం

పరీక్ష సరిగానే చేశారు, వైరస్ నిజంగానే ఉంది అనుకుందాం. అప్పటికీ ఆ దోమ వ్యాధిని మోస్తోందని చెప్పలేం. ఈ తేడాను కళ్లకు కట్టినట్టు చూపిన చోటు మనదే.

1897 ఆగస్టు 16న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ ఒక మలేరియా రోగిని దోమలతో కుట్టించారు. అంతకుముందు దాదాపు రెండేళ్లు ఆయన క్యూలెక్స్, ఏడిస్ జాతుల దోమలనే కోసి చూసి అలసిపోయారు, మలేరియాను మోసేవి అవి కావు. ఈసారి దొరికినవి రెక్కల మీద మచ్చలున్న దోమలు, మనం అనాఫిలిస్ అంటున్నవి. ఆగస్టు 20న వాటిలో ఒకదాన్ని కోస్తే పొట్ట గోడలో గుండ్రటి కణాలు, వాటిలో మలేరియా పరాన్నజీవికి గుర్తయిన నల్లటి రేణువులు కనిపించాయి. కీలకం ఇక్కడుంది. పొట్టలోపలి రక్తంలో పరాన్నజీవి కనిపిస్తే అందులో వింత లేదు, రోగి రక్తం తాగింది కాబట్టి ఉంటుంది. రాస్ చూసింది పొట్ట గోడలో పెరుగుతున్న దాన్ని. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేస్తూ అది లాలాజల గ్రంథుల దాకా ఎలా చేరుతుందో కూడా ఆయన చూశారు.

వైరస్‌కూ ఇదే దారి. రక్తంతో పాటు పొట్టలోకి వచ్చిన వైరస్ పేగు గోడ కణాల్లోకి చొరబడాలి, అక్కడ పెరగాలి, గోడ దాటి ఒంట్లోని ద్రవంలోకి రావాలి, లాలాజల గ్రంథుల్లో చేరాలి, చివరికి ఉమ్మిలో కలవాలి. ప్రతి మెట్టు దగ్గరా ఆగిపోయే వైరస్‌లు ఉంటాయి. హెచ్‌ఐవీ ఉన్న మనిషిని కుట్టిన దోమ పొట్టలో ఆ వైరస్ కాసేపు ఉంటుంది, రక్తంతో పాటు అరిగిపోతుంది. అందుకే దోమల వల్ల హెచ్‌ఐవీ రాదు. కాబట్టి పొట్ట ఉబ్బి రక్తంతో ఉన్న దోమను మొత్తంగా నూరి పరీక్షిస్తే, పాజిటివ్ అన్న మాట ఆ దోమ గురించి కాక అది కుట్టిన మనిషి గురించే చెబుతూ ఉండవచ్చు. జాగ్రత్తగల ప్రయోగశాలలు రక్తం తాగిన దోమలను పక్కన పెడతాయి, లేదా తలను, కాళ్లను విడిగా పరీక్షిస్తాయి. కాళ్లలో వైరస్ ఉందంటే అది పేగు గోడ దాటిందన్నమాటే.

ఇక్కడ ఆస్ట్రేలియా వాళ్ల ఆలోచన నాకెంతో నచ్చింది. వాళ్లు దోమలను నూరడం మాని, వాటితో ఉమ్మి వేయించారు. వైరస్‌ను చంపి ఆర్‌ఎన్‌ఏను నిలిపి ఉంచే మందు పట్టించిన కాగితపు ముక్కకు తేనె పూసి ఉచ్చులో పెడతారు. లోపల పడిన దోమలు తేనె పీలుస్తూ కాగితం మీద ఉమ్ముతాయి. వారం తర్వాత ఆ కాగితాన్ని కవరులో పెట్టి పంపితే చాలు, ఐసు పెట్టె అక్కర్లేదు. వేల దోమల ఉమ్మి ఒకే కాగితం మీద ఉంటుంది. క్వీన్స్‌లాండ్‌లో ఈ పద్ధతిని పరీక్షించి 2010లో ప్రచురించారు. మారుమూల ప్రాంతాలకు, కరెంటు నమ్మకం లేని చోట్లకు ఇది ఎంత ఉపయోగమో వేరే చెప్పనక్కర్లేదు.

వెయ్యికి ఎన్ని, రాత్రికి ఎన్ని

ఫలితాలను అంకెల్లోకి మార్చే లెక్క సులభమే. 50 దోమల ట్యూబులు వంద ఉన్నాయి, అంటే 5,000 దోమలు. అయిదు ట్యూబుల్లో వైరస్ దొరికింది. ఒక్కో ట్యూబులో కనీసం ఒక్క దోమకైనా వైరస్ ఉండాలి కాబట్టి అయిదును 5,000తో భాగించి వెయ్యితో గుణిస్తే, వెయ్యికి ఒకటి. దీన్ని కనీస సోకుడు రేటు అనవచ్చు. ‘కనీస’ అన్న మాట ముఖ్యం. వందలో 40 ట్యూబులు పాజిటివ్ అయితే, చాలా ట్యూబుల్లో ఒకటికి మించి ఉండే ఉంటాయి, అప్పుడు ఈ లెక్క తక్కువ చూపుతుంది. దానికి వేరే గణిత పద్ధతులున్నాయి.

అయితే వెయ్యికి ఎన్ని అన్నది సగం కథే. దోమలే తక్కువున్న చోట వెయ్యికి అయిదున్నా ఫరవాలేదు. దోమలు మూగిన చోట అదే వెయ్యికి అయిదు మనుషుల ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే ఒక ఉచ్చుకు రాత్రికి సగటున పడే దోమల సంఖ్యను సోకుడు నిష్పత్తితో గుణించి ఒక సూచీ కడతారు. రాత్రికి ఉచ్చుకు 100 దోమలు, వెయ్యికి అయిదింట వైరస్ అనుకుంటే 0.5 వస్తుంది. దోమలు 20కి తగ్గితే అది 0.1 అవుతుంది.

ఈ 0.5 అన్న అంకె వెనక ఒక నగరం ఉంది. 2012 వేసవిలో అమెరికాలోని డాలస్ కౌంటీలో వెస్ట్ నైల్ వైరస్ చెలరేగింది. 398 మంది జబ్బు పడ్డారు, వారిలో 173 మందికి మెదడు, నరాలకు సోకింది, 19 మంది చనిపోయారు. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే ఇర్వింగ్ ఆ కౌంటీలోనిదే. తర్వాత పాత రికార్డులు తిరగేసి చూస్తే తేలింది ఏమిటంటే, ఆ సూచీ జూన్ చివరికే 0.5 దాటింది. తీవ్రమైన కేసులు ఎన్ని వస్తాయన్నది ఆ సూచీ వారం, రెండు వారాల ముందే చెబుతూ వచ్చింది. విమానాలతో మందు చల్లింది మాత్రం ఆగస్టు మధ్యలో. దోమలు చెప్పాయి, ట్యూబులు చెప్పాయి, నిర్ణయం మాత్రం ఆలస్యమైంది. అక్కడ ఆ వైరస్‌ను మోసింది క్యూలెక్స్ క్వింక్విఫాషియాటస్, మన ఊళ్లలో మురుగుకాల్వల పక్కన రాత్రంతా కుట్టే దోమ, బోదకాలు వ్యాధిని మోసే ఆ దోమే.

ఇటలీలో ఇంకో మంచి ఉపయోగం చూస్తాం. ఏదైనా ప్రాంతంలో పట్టిన దోమల్లో వెస్ట్ నైల్ కనబడితే చాలు, అక్కడి రక్తదాతలందరి రక్తాన్నీ ఆ వైరస్ కోసం పరీక్షించడం మొదలుపెడతారు. దోమల ట్యూబు నుంచి రక్తనిధికి నేరుగా దారి వేశారు. ఫలితం వస్తే ఏం చేయాలో ముందే రాసి పెట్టుకోవడం అంటే ఇదీ.

మనకు ఏది పనికొస్తుంది

అన్ని జబ్బులకూ ఈ పరీక్ష ఒకే రకంగా ఉపయోగపడదు. వెస్ట్ నైల్‌లోనూ, మెదడువాపు వ్యాధిలోనూ మనిషి అనుకోకుండా మధ్యలో ఇరుక్కున్నవాడు. వైరస్ నడిచేది పక్షులకు, దోమలకు మధ్య, మెదడువాపులో అయితే కొంగలు, పందులు, వరిపొలాల దోమల మధ్య. మనిషి రక్తంలో ఈ వైరస్ దోమకు మళ్లీ అంటుకునేంతగా పెరగదు. పైగా సోకినవారిలో కొద్దిమందికే జబ్బు బయటపడుతుంది. కాబట్టి జబ్బుపడ్డ మొదటి బిడ్డ ఆసుపత్రికి వచ్చేసరికి దోమల్లో వైరస్ ఎన్నో వారాలుగా తిరుగుతూ ఉంటుంది. ఇలాంటి చోట దోమల పరీక్ష నిజంగా ముందస్తు హెచ్చరిక.

డెంగీ కథ వేరు. అది మనిషి నుంచి దోమకు, దోమ నుంచి మనిషికి తిరిగేది. ఇంటికి నాలుగైదు ఏడిస్ దోమలున్నా వీధంతా జ్వరాలు రావచ్చు. అంత తక్కువ దోమల్లో వైరస్ దొరకాలంటే అదృష్టం కావాలి, దొరికేసరికి ఆసుపత్రుల్లో రోగుల రక్తంలో డెంగీని గుర్తించే ఎన్‌ఎస్‌1 పరీక్షలు ఎలాగూ చెబుతుంటాయి. అందుకే డెంగీ కోసం మన సిబ్బంది ఇంటింటికీ తిరిగి డ్రమ్ములు, కూలర్లు, పూలకుండీల్లో లార్వాలు చూసి, వంద ఇళ్లకు ఎన్ని ఇళ్లలో ఉన్నాయి, వంద ఇళ్లకు ఎన్ని పాత్రల్లో ఉన్నాయి అని లెక్కగట్టడం సరైన పనే. ఈ పనికి బదులుగా పీసీఆర్ యంత్రం కొనమని నేను అనను. డెంగీలో దోమల పరీక్ష వేరే ప్రశ్నలకు జవాబు ఇస్తుంది: ఏ రకం డెంగీ తిరుగుతోంది, ఏడిస్ ఆల్బోపిక్టస్ ఎంత పాత్ర పోషిస్తోంది వంటివి. 2005-06లో రీయూనియన్ దీవిలో చికున్‌గున్యా వైరస్‌లో వచ్చిన ఒకే ఒక్క చిన్న జన్యు మార్పు వల్ల అది ఆల్బోపిక్టస్‌లో బాగా పెరగడం మొదలైంది. 2007లో కేరళలోనూ ఆ మార్పు కనిపించింది. ఏ దోమ మీద దృష్టి పెట్టాలన్న నిర్ణయమే అలాంటి చోట మారిపోతుంది.

కీటకాల పరీక్ష ఎందుకు అని అడిగేవారికి నేను 2003 సంవత్సరాన్ని చూపిస్తాను. ఆ ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో, పిల్లలకు ఉన్నట్టుండి జ్వరం, ఫిట్స్, స్పృహ తప్పడం మొదలయ్యాయి. 329 మంది పిల్లలకు సోకితే 183 మంది చనిపోయారు. మొదట అందరూ అనుకున్నది దోమల మెదడువాపే. పుణె సంస్థ పరీక్షల్లో తేలింది మాత్రం చాందీపురా వైరస్, 1965లో నాగపూర్ దగ్గర చాందీపురా గ్రామంలో మొదటిసారి బయటపడ్డది. దాన్ని మోస్తాయని భావించేవి దోమలు కావు, ఇసుక ఈగలు. మట్టిగోడల పగుళ్లలో దాక్కునే, దోమకంటే బాగా చిన్న పురుగులు. ఆ వైరస్‌ను మహారాష్ట్రలో పట్టిన ఇసుక ఈగల నుంచి 1970 నాటికే వేరు చేశారు. అంటే ఆధారం ముప్పై ఏళ్లకు పైగా పుస్తకాల్లో ఉంది. ఊళ్లలో ఆ ఈగలను పట్టి చూసే ఏర్పాటు ఎప్పటికప్పుడు ఉండి ఉంటే ఆ పిల్లలు బతికేవారని నేను చెప్పలేను. కానీ తల్లిదండ్రులు ఏ జబ్బో తెలియక ఆసుపత్రుల చుట్టూ తిరిగిన ఆ రోజుల్లో, వెతకవలసింది దోమలోనా ఈగలోనా అన్న ప్రశ్నకు జవాబు కాస్త ముందుగా దొరికేది.

మెదడువాపు విషయంలో ఇది ఇంకా అవసరం. ముప్పు ఉన్న జిల్లాల్లో పిల్లలకు 2006 నుంచి టీకా వేస్తున్నారు. టీకా పడిన పిల్లలకు జబ్బు ముప్పు బాగా తగ్గుతుంది, కానీ మన దగ్గర కొంగకు, పందికి టీకా వేయరు. కేసులు తగ్గినంత మాత్రాన వైరస్ ఆ ఊరి పొలాల్లోంచి పోయినట్టు కాదు. టీకా బాగా పనిచేసే కొద్దీ ఆసుపత్రి లెక్కలు మనకు తక్కువ చెబుతాయి, అప్పుడు వైరస్ ఇంకా ఉందా అన్న ప్రశ్నకు జవాబిచ్చేది పందుల రక్తమూ దోమల ట్యూబులే. టీకా ఆపేయవచ్చా, బయటి ఊరి నుంచి వచ్చిన కూలీల పిల్లలకు వేయాలా అన్నది వాటిని చూసి నిర్ణయించాలి.

చేయదలచుకుంటే ఆకాశమంత ఖర్చు కాదు. వరినాట్లు పడిన కొన్ని వారాలకు ఈ దోమలు పెరుగుతాయి. ప్రతి జిల్లాలో నాలుగైదు ఊళ్లు ఎంచుకుని, జులై నుంచి నవంబరు దాకా వారానికి ఒక సాయంత్రం అవే కొట్టాల్లో, అదే సేపు, అదే పద్ధతిలో దోమలు పట్టాలి. కొవిడ్ కాలంలో జిల్లాలకు వచ్చిన పీసీఆర్ యంత్రాలు ఉన్నాయి, వాటిని నడిపే సిబ్బంది ఉన్నారు. లేనిది జాతిని గుర్తించే కన్ను, ఏడాది పొడవునా ఆ కన్నుకు ఇచ్చే జీతం. వైరస్ దొరకని వారాల సున్నాలను కూడా రాసి పెట్టాలి. నలభై సున్నాల తర్వాత వచ్చిన ఒక పాజిటివ్‌కు ఉండే విలువ, కేసులు మొదలయ్యాక హడావుడిగా ఒకరోజు పట్టిన 500 దోమల ఫలితానికి ఉండదు.

ఈసారి పత్రికలో ‘దోమల్లో వైరస్’ అన్న శీర్షిక కనబడితే కింద వెతకవలసినవి ఇవి: ఏ జాతి దోమ, ఎన్ని పట్టారు, వాటి పొట్టల్లో రక్తం ఉందా, దొరికింది తునకా లేక పెరిగే వైరసా, ఆ చోటే కిందటి వారం ఏమి వచ్చింది, అక్కడ వచ్చే వారం మళ్లీ ఉచ్చు పెడుతున్నారా.